పట్టుబడిన అడవి చిలుకలను మళ్లీ అడవిలో వదలాలా, కేంద్రాల్లోనే ఉంచాలా?

అడవిదారి

అక్రమంగా తరలిస్తున్న చిలుకలు పట్టుబడ్డాయన్న వార్త వచ్చినప్పుడల్లా కింద వ్యాఖ్యల్లో కనిపించేది ఒకటే మాట: "ఇంకా ఆలస్యం ఎందుకు, వదిలేయండి." అనేవాళ్లది మంచి మనసే. కానీ పెట్టెల్లో కుక్కితే దేశాలు దాటి వచ్చిన పక్షి తలుపు తీయగానే అడవిలో బతికేయదు. రెక్కలు కత్తిరించి ఉంటాయి. పక్క పెట్టెలోని పక్షి రోగం దీనికి అంటుకుని ఉండొచ్చు. అసలు అది ఏ అడవిదో కూడా చాలాసార్లు తెలియదు.

"ఇక ఇవి అడవికి పనికిరావు, జీవితాంతం పంజరమే" అనేవాళ్లు కూడా ఉన్నారు. అదీ నాకు మింగుడుపడదు. పెద్ద జాతి చిలుకలు 40, 50 ఏళ్లు బతుకుతాయి. అన్నేళ్లు బందీగా ఉంచడం అంత తేలిగ్గా తీసుకునే నిర్ణయం కాదు.

పట్టుబడిన జంతువుల విషయంలో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ మార్గదర్శకాలు మూడు దారులు చూపిస్తాయి. అడవికి తిరిగి పంపడం, మనుషుల సంరక్షణలో ఉంచడం, బాధ లేకుండా ప్రాణం తీయడం. వీలున్న ప్రతిచోటా మొదటి దారి కోసమే పనిచేయాలన్నది నా వాదన. కాకపోతే రెండు షరతులు. ఒక్కో పక్షిని కాకుండా గుంపును తయారుచేసి వదలాలి. వదిలే చోట గూళ్లకు కాపలా ఉంటేనే వదలాలి. మీరేమంటారు?

పక్షివైద్యం

అడవిదారి గారూ, రోగం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. అసలు సమస్యంతా అక్కడే ఉంది.

చిలుకల ముక్కును, ఈకలను పాడుచేసే సర్కోవైరస్ ఒకటి ఉంది. అది సోకితే ఈకలు వంకర తిరిగి రాలిపోతాయి, ముక్కు పగిలి విరుగుతుంది, రోగనిరోధక శక్తి పడిపోయి ఏదో ఒక చిన్న జబ్బుతో పక్షి చనిపోతుంది. దీన్ని నయం చేసే మందు లేదు. ఈకల పొడి ద్వారా, రెట్ట ద్వారా వ్యాపిస్తుంది. పక్షి ఒంట్లో లేకపోయినా నెలల తరబడి నిలిచి ఉంటుంది. పైకి నిగనిగలాడుతూ కనిపించే పక్షి కూడా దాన్ని మోస్తూ ఉండొచ్చు. ఒకసారి వైరస్‌ను పట్టే పీసీఆర్ పరీక్ష చేసి నెగెటివ్ వచ్చిందని వదిలేస్తే లాభం లేదు. విడిగా ఉంచి, కొన్ని వారాలు ఆగి, మళ్లీ చేయాలి.

వ్యాపారుల గోదాముల్లో ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా చిలుకలను ఒకే గదిలో పేరుస్తారు. అడవిలో జన్మలో ఎదురుపడని జాతులు ఒకే గాలి పీలుస్తాయి. అక్కడినుంచి వచ్చిన పక్షి తనతోపాటు ఏం తెచ్చిందో ఊహించలేం. మారిషస్ దీవిలోని ఎకో పారకీట్ అనే చిలుకలు 1980ల్లో ఓ 10, 12 దాకా మిగిలాయి. ఏళ్ల తరబడి కష్టపడి వాటి సంఖ్య పెంచుతుంటే, 2005 ప్రాంతంలో ఇదే వైరస్ ఆ కాస్త గుంపులోనూ విజృంభించింది. అడవిలో మిగిలిన పక్షులను పణంగా పెట్టి పట్టుబడిన పక్షులకు స్వేచ్ఛ ఇచ్చే హక్కు మనకు లేదు.

రెక్కబలం

నేను ఇలా పట్టుబడిన చిలుకలను చూసుకునే కేంద్రంలో పనిచేస్తున్నాను. పక్షివైద్యం గారు చెప్పిన పరీక్షల విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మేమూ అవి చేయకుండా ఏ పక్షినీ గుంపులో కలపం. కానీ మారిషస్ కథ అక్కడితో ఆగిపోలేదు కదండీ. వైరస్ వచ్చాక కూడా ఆ చిలుకలు పెరిగి 700 దాటాయి. గూళ్లు చూసుకుంటూ, పక్షులను గమనిస్తూ మనుషులు అక్కడే ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

"తలుపు తీయడం" గురించి మాట్లాడేవాళ్లు ఒక్క రెక్క సంగతి తెలుసుకుంటే చాలు. కత్తెర పడిన ఈక మళ్లీ పెరగదు. పక్షి ఆ మోడును రాల్చుకుని కొత్త ఈక వేసుకునేదాకా ఆగాలి, కొన్నిటికి ఏడాది పైనే పడుతుంది. అన్నాళ్లు ఆగలేనప్పుడు ఈక అతుకుతాం. అదే జాతి పక్షి రాల్చిన ఈకల్లోంచి అదే వైపు రెక్కది, అదే వరసలోది వెతికి తీస్తాం. పక్షికి మత్తు ఇస్తాం. మోడు కాడ లోపల బోలుగా ఉంటుంది. సన్నగా చెక్కిన వెదురు పుల్లను సగం ఆ కాడలోకి, సగం కొత్త ఈక కాడలోకి దూర్చి ఎపాక్సీ చుక్క పెడతాం. జిగురు పక్క ఈకకు అంటకుండా మధ్యలో కాగితం ముక్క ఉంచుతాం. ఆరేదాకా ఈక తిరగకుండా పట్టుకునే ఉండాలి, కోణం కాస్త తప్పినా ఎగిరేటప్పుడు ఒక పక్కకు లాగేస్తుంది. ఇలా రెక్కకు ఎన్ని ఈకలు కావాలంటే అన్నిసార్లు.

అంతా అయ్యాక కూడా పక్షి ఎగరలేదు. నెలలపాటు కదలకుండా ఉన్నదానికి రొమ్ము కండ కరిగిపోయి మధ్య ఎముక కత్తి అంచులా చేతికి తగులుతుంది. పొడవాటి పంజరంలో ఈ చివర నుంచి ఆ చివరకు నోరు తెరిచి రొప్పకుండా ఎగిరే రోజు కోసం ఎదురుచూడాలి. ఆ తర్వాతే అడవి కాయలు, గింజలు కొమ్మలతో సహా తెచ్చి కట్టడం మొదలుపెడతాం, గిన్నెలో పోసిన తిండికి అలవాటు పడకుండా.

ఇంకో మాట. పెద్దయ్యాక వలకో, జిగురుకో చిక్కిన పక్షికి అడవి తెలుసు. ఏది తినాలో, దేన్ని చూసి పారిపోవాలో తల్లిదండ్రుల దగ్గర నేర్చుకునే ఉంటుంది. తొర్రలోంచి కళ్లు తెరవకముందే తీసుకొచ్చిన పిల్లకు తెలిసిందల్లా మనిషి చేయి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి వాదిస్తే చర్చ ఎటూ తేలదు.

గూటికాపలా

రెక్కబలం గారి ఓపికకు దండం పెడతాను. అయినా నేను ఈ దారికి వ్యతిరేకమే. ఎందుకో చెబుతాను.

అమెరికాలోని ఆరిజోనాలో 1986 నుంచి 1993 వరకు మందముక్కు చిలుకలను అడవిలో వదిలారు. వాటిలో ఎక్కువ భాగం స్మగ్లర్ల దగ్గర పట్టుబడినవే. అడవిలో పుట్టి చిక్కినవి కొంతవరకు నిలదొక్కుకున్నాయి. మనుషుల చేతిలో పెరిగినవి గుంపులో కలవలేదు, పైన్ కాయలు ఒలుచుకు తినడం సరిగా రాలేదు, డేగలకు ఆహారమయ్యాయి. చివరికి ఆ ప్రయత్నమే ఆపేశారు. ఇప్పుడు అక్కడ ఆ చిలుకలు లేవు.

ఇక అసలు మాటకు వస్తాను. దక్షిణ, మధ్య అమెరికాల్లో 14 దేశాల్లో 21 చిలుక జాతుల గూళ్ల వివరాలు కలిపి చూసిన అధ్యయనం 2001లో వచ్చింది. సగటున 30 శాతం గూళ్లలో పిల్లలను దొంగిలించారని తేలింది. అమెరికా 1992లో అడవి పక్షుల దిగుమతిపై చట్టం తెచ్చాక ఈ దొంగతనం తగ్గిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అంటే కొనేవాడి తలుపు మూస్తే పిల్లలు గూట్లోనే ఉంటాయి. మెక్సికోలో ఏటా 65,000 నుంచి 78,500 చిలుకలను పడుతున్నారని, కొనేవాడి చేతికి చేరేలోపే నాలుగింట మూడు వంతులకు పైగా చచ్చిపోతున్నాయని 2007లో అంచనా వేశారు. మరుసటి ఏడాదే ఆ దేశం తన అడవి చిలుకలను పట్టడాన్ని, అమ్మడాన్ని నిషేధించింది. పట్టుబడేది ఈ ప్రవాహంలో ఒక చెంచాడు. ఆ చెంచాడు కోసం వైద్యులు, పంజరాలు, ప్రయోగశాలలు, ఏళ్ల జీతాలు. అదే డబ్బు తొర్రల కింద కాపలాకు పెట్టండి.

ఫిలిప్పీన్స్‌లోని రాసా దీవిలో కటాలా ఫౌండేషన్ అనే సంస్థ చేసింది ఇదే. ఒకప్పుడు గూళ్లు దోచినవాళ్లనే జీతమిచ్చి కాపలాదారులను చేశారు. 1998లో పాతిక దాకా ఉన్న కాకటూ జాతి చిలుకలు 200 దాటాయి. ఏ చెట్టుకు ఏ తొర్ర ఉందో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

అడవిదారి

గూటికాపలా గారూ, రాసా దీవి నాకూ ఎంతో ఇష్టమైన ఉదాహరణ. కానీ కాపలాను, పునరావాసాన్ని ఒకదానికి ఒకటి పోటీ పెట్టడం సరికాదు. పట్టుకున్న పక్షులను పెట్టడానికి చోటు లేకపోతే అధికారులు దాడులకే వెనకాడతారు. వందల పక్షులను స్వాధీనం చేసుకుని, రాత్రికి వాటిని ఎక్కడ ఉంచాలో తెలియక టెన్షన్ పడే అధికారి ఇంకోసారి ఆ గోదాము వైపు చూస్తాడా? చట్టం అమలు కావాలన్నా ఆ వెనక కేంద్రాలు ఉండాలి. కామెరూన్‌లోని లింబే వన్యప్రాణి కేంద్రానికి విమానాశ్రయంలో పట్టుబడిన ఆఫ్రికన్ గ్రే అనే బూడిదరంగు చిలుకలు వందలకొద్దీ వచ్చి చేరాయి. ఆ కేంద్రమే లేకపోతే వాటి గతేమిటి?

ఆరిజోనా గురించి మీరు చెప్పింది నిజమే. అయితే ఆ పాఠం నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో 1970ల మధ్యలో అడవిలో 13 చిలుకలే మిగిలాయి. తర్వాత కేంద్రంలో పెంచి వదిలేటప్పుడు, ముందుగా శిక్షణ పొందిన డేగను వాటి పంజరం మీదికి ఎగరనిచ్చారు, డేగ అరుపులు వినిపించారు. భయపడటం నేర్పాకే వదిలారు. అవి పట్టుబడిన పక్షులు కావు, కేంద్రంలో పుట్టినవి, ఆ తేడా నాకు తెలుసు. కానీ కేంద్రంలో పుట్టినదానికే నేర్పగలిగినప్పుడు గూట్లోంచి దొంగిలించిన పిల్లకు ఎందుకు నేర్పలేం?

ఘానాలో 1992 నుంచి ఆఫ్రికన్ గ్రేలు 90 నుంచి 99 శాతం తగ్గిపోయాయి. 2016లో వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ వాటిని అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలోకి మార్చింది, అంటే అడవిలో పట్టినవాటితో అంతర్జాతీయ వ్యాపారం బంద్. మంచిదే. కానీ గుంపే మిగలని అడవుల్లో కాపలాదారు దేన్ని కాయాలి? అలాంటి చోట పట్టుబడిన పక్షులే మళ్లీ గుంపుకు విత్తనం. అది కూడా జాతి చూసుకుని. పశ్చిమ ఆఫ్రికా చివర ఉండే టిమ్నే చిలుక వేరు, ఆఫ్రికన్ గ్రే వేరు. పైకి దగ్గరగా కనిపిస్తాయని కలిపేసి వదలకూడదు.

ఇంటిచిలుక

పెద్దల చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పక్కింటివాళ్లు ఇల్లు మారుతూ ఒక ఆఫ్రికన్ గ్రేను మాకు వదిలి వెళ్లారు. కాగితాలేవీ లేవు. రోజంతా రొమ్ము మీది ఈకలు పీక్కుంటోంది. ఇక్కడి చర్చ చదువుతుంటే దాన్ని అడవికి పంపాలనిపిస్తోంది. ఏం చేయాలి?

పక్షివైద్యం

దయచేసి మీరుగా తలుపు తీయకండి. మీరున్న చోట అది పుట్టిన అడవి లేదు, ఆకలితోనో పిల్లి చేతిలోనో పోతుంది. ముందు పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించి సర్కోవైరస్, సిటకోసిస్ పరీక్షలు చేయించండి. సిటకోసిస్ మనుషులకు కూడా అంటుకునే ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే మీ డాక్టరుకు ఇంట్లో చిలుక ఉందని తప్పకుండా చెప్పండి. ఈకలు పీక్కోవడం ఒంటరితనం వల్ల కావచ్చు, పొడిగాలి వల్ల కావచ్చు, లోపలి జబ్బు వల్ల కూడా కావచ్చు. చూడకుండా చెప్పలేం.

కాగితాలు లేవు కాబట్టి వన్యప్రాణి అధికారులకు మీరే తెలియజేయడం మేలు. ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాసి ఇవ్వండి.

రెక్కబలం

ఇంటిచిలుక గారూ, ఒకటి కలుపుతాను. ఏళ్లుగా మనుషుల మధ్య ఉన్న ఒంటరి పక్షికి అడవికంటే ముందు కావలసింది తన జాతి తోడు. గుర్తింపు ఉన్న కేంద్రంలో వేరే గ్రేలు ఉంటే అక్కడికి చేర్చమని అడగండి. వదలడానికి పనికొస్తుందా లేదా అన్నది అవతలి పక్షులతో అది ఎలా మెలుగుతుందో చూశాక తేలుతుంది.

గూటికాపలా గారికి కూడా ఒక సంగతి. 2010లో బల్గేరియాలో పట్టుబడిన గ్రేలలో బతికి బయటపడినవాటిని 2013లో ఉగాండా తీసుకెళ్లి విక్టోరియా సరస్సులోని న్గాంబా దీవిలో వదిలారు. యూరప్‌లో దొరికాయి కాబట్టి ఇక అంతే అని ఎవరూ వదిలేయలేదు.

గూటికాపలా

నేను వ్యతిరేకించేది పక్షులను కాదండీ, లెక్క చెప్పకపోవడాన్ని. వదిలిన రోజు ఫొటోలు అందరూ పెడతారు. ఆరు నెలల తర్వాత ఎన్ని బతికున్నాయి, ఎన్ని గూడు కట్టాయి, ఎన్ని మళ్లీ వేటగాళ్లకు చిక్కాయి, ఇవి ఎంతమంది చెబుతున్నారు? చనిపోయినవాటితో సహా ప్రకటిస్తామని మాట ఇచ్చే కేంద్రానికి డబ్బు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మిగతాది గూళ్లకే పోవాలి.

రెక్కబలం

అది న్యాయమైన మాట, ఒప్పుకుంటాను. చిలుకలకు ట్రాన్స్‌మిటర్ కట్టడం కష్టం, ముక్కుతో కొరికి పడేస్తాయి. అయినా ఉంగరాలు వేసి, వదిలిన చోట తిండి బల్ల దగ్గర ఎవరొస్తున్నారో రోజూ రాసుకోవచ్చు. రానివాటి పేరు ఎదురుగా ఖాళీ వదలకుండా "కనిపించలేదు" అని రాయాలి.

పక్షివైద్యం

ఎవరూ ఎత్తని మూడో దారి గురించి కూడా మాట్లాడాలి. వైరస్ ఖాయమై, ఈకలన్నీ పోయి, ముక్కు విరిగి తినలేకపోతున్న పక్షిని ఏళ్లపాటు ఒంటరి గదిలో ఉంచడం కరుణ కాదు. పైగా అది పక్క గదుల్లోని ఆరోగ్యంగా ఉన్న పక్షులకు ప్రమాదం. బాధ లేకుండా పంపేయడమే మంచిది.

రెక్కబలం

తిండి తినలేక బాధపడుతున్న పక్షి విషయంలో మీతోనే ఉన్నాను, ఆ పని చేయాల్సి వచ్చినప్పుడు పక్కన నిలబడ్డాను కూడా. కానీ పరీక్ష పాజిటివ్ వచ్చి, ఇంకా బాగా తింటూ, ఎగురుతూ ఉన్నదాని ప్రాణం తీయడానికి మాత్రం ఒప్పుకోను. కొన్ని పక్షులు ఆ వైరస్‌ను వదిలించుకుంటాయి, మళ్లీ పరీక్షలో నెగెటివ్ వస్తుంది. విడి గది, విడి గిన్నెలు, విడి చెప్పులు పెట్టి ఇంకోసారి పరీక్ష చేసేదాకా ఆగాలి. ఆ ఖర్చు మా కేంద్రం భరించాలి, భరిస్తుంది.

పక్షివైద్యం

అంత స్థలం, అంత సిబ్బంది ఉన్న కేంద్రంలో సరే, ఆగండి. ఒకే షెడ్డులో 200 పక్షులు ఉన్న చోట నేను ఆగమని చెప్పలేను. ఈ విషయంలో మనిద్దరికీ పొత్తు కుదరదు.