అప్‌డేట్: చెక్క అతుకులు నేర్పే పుస్తకాలు

మేకులు లేకుండా చెక్కలను కలిపే పాత పద్ధతి నేర్చుకోవడానికి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని ఆమధ్య ఇక్కడ అడిగాను. మీరు చెప్పినవాటిలో 1839లో లండన్‌లో వచ్చిన ‘ది జాయినర్ అండ్ క్యాబినెట్ మేకర్’ నన్ను కట్టిపడేసింది. రచయిత పేరు లేని పుస్తకం అది. పని నేర్చుకునే థామస్ అనే కుర్రాడు మొదట మేకులు కొట్టిన పెట్టె, తర్వాత డవ్‌టెయిల్ అతుకులతో (పావురం తోకలా విచ్చుకున్న పళ్లు ఒకదానిలో ఒకటి దూరి బిగిసేవి) బడిపెట్టె, చివరికి సొరుగుల బీరువా చేస్తాడు. నేనూ అదే వరుసలో వెళ్తున్నాను.

బడిపెట్టె మొదటి మూల వదులైంది. కారణం పెన్సిల్ గీత! ఆ గీత మందంలోనే బిగువు పోతోంది. కత్తిమొనతో గీసి, తీసేయాల్సిన చెక్క వైపే రంపం నడిపాక నాలుగో మూల చక్కగా బిగిసింది. ఉలి బాగా పదునుగా ఉండాలని అప్పుడు మీరు అంత గట్టిగా ఎందుకు చెప్పారో చెక్క పోగులకు అడ్డంగా చెక్కినప్పుడు తెలిసింది.

ఇక బీరువాకు చెక్క సిద్ధం చేయాలి.