ఫ్లాట్‌లో నాగలి ఎక్కడ పెట్టాలె? పాత ఎవుసం సామాన్లు, చిన్న మోడళ్ల గురించి సలహా కావాలి

జీటర్ కొడుకు:

అందరికీ నమస్తే. మాది సూర్యాపేట దిక్కు ఒక పల్లె. ఉండేది కూకట్‌పల్లిలో, రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌. ఊర్లో మా తాత కట్టిన పెంకుటిల్లు సంక్రాంతిలోపు కూలగొడుతున్నరు, బాబాయి స్లాబు ఇల్లు కట్టుకుంటడట. కొట్టంలో, అటక మీద ఉన్న ఎవుసం సామానంతా కాంటా పెట్టి తుక్కోనికి అమ్మేద్దామన్నరు. అడ్డంపడి ఆపిన గానీ, తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలుస్తలేదు.

ఉన్నవి చెప్త. ఒక కర్ర నాగలి, మేడి (చేత్తో పట్టే కర్ర) పైభాగం విరిగింది. ఎడ్ల మెడ మీద పెట్టే కాని (కాడి) ఒకటి. విత్తనాలు వేసే మూడు పండ్ల గొర్రు. ఒక జడ్డిగం (గొర్రు మీద విత్తనాలు పోసే చిల్లుల గిన్నె), కింద గొట్టాలు లేవు. నేల గుల్లచేసే గుంటుక, కలుపు తీసే రెండు దంతెలు. ఎడ్లతో బావి నీళ్లు తోడే మోట బొక్కెన, ఇనుప రేకుది, దానికి తోలు తొండం ఇంకా వేలాడుతున్నది, కానీ ఎండి గట్టిపడ్డది. గింజలు కొలిచే ఇత్తడి మానిక, సోల, ఒక కుంచం. బండి గీర ఒక్కటే ఉంది, రెండోది ఎటుపోయిందో ఎవరికీ తెల్వదు. నాగలికి, గొర్రుకు సన్నటి చిల్లులున్నయి, కదిలిస్తే పిండి రాలుతున్నది.

ఇంకో సంగతి. నాకు చిన్న ట్రాక్టర్ల పిచ్చి ముందునుంచీ ఉంది. 1/32 సైజువి (అసలుదాంట్లో ముప్పైరెండో వంతు) మ్యాస్సీ, ఫోర్డు, జాన్ డీరె ఉన్నయి. మా నాన్న పదేళ్లకు పైగా నడిపిన హెచ్ఎంటీ జీటర్ మాత్రం ఆ సైజులో నాకింకా దొరకలే. ఇప్పుడు అనిపిస్తున్నది, పెద్ద సామాన్లు ఊర్లోనే ఎవరికన్నా ఇచ్చి, వాటి చిన్న నమూనాలు నా చేత్తో చేసుకుని షెల్ఫులో పెట్టుకుంటే సరిపోదా అని. గీర హాల్లో పెడితే తను బాల్కనీలో పడుకుంటనని మా ఆవిడ ముందే చెప్పింది.

ఏవి ఉంచుకోవాలె? పురుగుకేం చేయాలె? నమూనాలు ఏ సైజులో చేస్తే బాగుంటది?

మాదాపూర్ మామ:

తమ్ముడూ, గీర మీద గుండ్రటి గాజు వేయించి టీపాయ్ చెయ్. మా ఆఫీసు దగ్గర హోటల్లో అట్లనే పెట్టిన్రు, అందరూ దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతరు. నాగలిని నల్ల పాలిష్ కొట్టి గోడకు అడ్డంగా బిగించు. మిగతాది వదిలెయ్, ఎవరు తుడుస్తరు అవన్నీ.

మేడిపట్టు:

టీపాయ్ మాట చదివి ఫోన్ పక్కన పెట్టిన. ఛాయ్ తాగొచ్చి రాస్తున్న.

నేను రాజేంద్రనగర్ దిక్కు ఒక వర్క్‌షాపుల వ్యవసాయ పనిముట్లు చేసి రిటైరైన. ఇప్పుడు ఇంట్ల కూసొని అవే పనిముట్లు చిన్నగ చేస్తున్న. జీటర్ తమ్మీ, నీకు ఒక్కటే చెప్త. పెద్దవి ఇచ్చేసి చిన్నవి చేసుకుంట అన్నవు గదా, కొలతలు రాయకముందే ఇచ్చేసినవనుకో, చిన్నవి చేయలేవు. చేస్తే బొమ్మలైతయి, నమూనాలు కావు. కొలతలన్నీ రాసుకున్నంక పెద్దవి ఎవరికిచ్చినా నీ ఇష్టం.

మోట సంగతే తీసుకో. మోట బొమ్మలు శానా చూసిన. బాయి మీద గిలక, తాడు, కింద బొక్కెన, ఎడ్లు రెండు. అందంగ ఉంటయి. ఒక్కదాన్ల కూడా నీళ్లు పారయి. ఎందుకంటే మోటకు రెండు తాళ్లుంటయి. లావు తాడు పైన గిలక మీదికెళ్లి బొక్కెనకు కడ్తరు. సన్న తాడు కింద, బాయి అంచున ఉన్న చిన్న దొర్లుడు కట్టె మీదికెళ్లి తొండం మూతికి కడ్తరు. రెండు తాళ్లూ ఎడ్ల కానికే. బొక్కెన లేస్తున్నప్పుడు తొండం మడత పడి, దాని మూతి బొక్కెన అంచుతో సమానంగ ఉంటది, అందుకే నీళ్లు ఒలకయి. ఎడ్లు వాలు మీద కిందికి దిగుతుంటే రెండు తాళ్లు ఒక్కతీరుగనే గుంజుకొస్తయి. బొక్కెన నేల మట్టం దాటి పైన గిలక దాకా పోతది, తొండం మూతి మాత్రం కింది కట్టె దగ్గర్నే వంగి తొట్టి దిక్కు వస్తది. బొక్కెన మీద, మూతి కింద. ఇగ నీళ్లు వాటంతటవే దుముకుతయి. మనిషి చెయ్యి పెట్టేది లేదు, మోట కొట్టేటాయన తాడు మీద కూసొని పాట పాడుకుంట పోవుడే.

నమూనా చేసేటోడు ఈ రెండు తాళ్ల పొడుగుల తేడా పట్టుకోవాలె. పై గిలకకు, కింది కట్టెకు మధ్య ఎత్తు ఎంత, తొండం పొడుగు ఎంత, ఈ రెండూ కుదిరితేనే పారుతది. నీ దగ్గర బొక్కెన, తొండం రెండూ ఒక్కచోట ఉన్నయంటే అది ఇత్తడి మానిక కంటే విలువైంది నా లెక్కల. తోలు తొండాలు ఎలుకలు, చెదలు తిని ఎక్కడా మిగల్లే. దాన్ని నీళ్లల్ల నానబెట్టకు, నూనె పూయకు. లోపల పాత నూలు గుడ్డలు వదులుగ కూరి, ఉన్న ఒంపులనే ఉంచి కొలువు. ఊర్ల మోటబాయి దరి ఇంకా ఉంటే దాని మీద రాతి కంబాల మధ్య ఎడం, ఎడ్లు నడిచిన వాలు పొడుగు కూడా టేపు పెట్టి రాసుకో.

నాగలి కూడా గంతే. నొగ (ఎడ్ల దిక్కు పోయే పొడుగు కర్ర), కర్రు (దున్నే ఇనుప మొన) పట్టిన దుంగ కలిసే మూల కొలవకపోతే నీ బొమ్మ నాగలి ఇసుకల గీత కూడా గీయదు. నొగ కొసకు గాట్లుంటయి చూడు. కాని దగ్గర తాడును ఒక గాటు ముందుకో వెనక్కో మార్చి కడితే కర్రు దిగే లోతు మారుతది. ఆ గాట్లల్ల ఏది ఎక్కువ అరిగిందో దాన్నిబట్టి మీ తాత ఎంత లోతు దున్నెటోడో చెప్పొచ్చు. పాలిష్ కొడితే ఈ అరుగుడంతా పూడిపోతది. మేడి మీద అరచెయ్యి పట్టి నున్నగైన జాగ ఉంటది, దాని మీద ఉప్పు కాగితం ఆనియ్యకు.

సైజు అడిగినవు. నొగ పది అడుగులనుకో, 1/16 ల ఏడున్నర అంగుళాలు వస్తది. నాగలికి, గొర్రుకు ఇది సాలు. ఐదడుగుల గీర మూడు ముప్పావు అంగుళాలకు దిగుతది, దాని ఆకులు (నడుమ కమ్ములు) చెక్కొచ్చు. 1/32 ల గీర రెండంగుళాలు కూడా రాదు, జడ్డిగం చిల్లులు కంటికి ఆనవు. మోటకు మాత్రం నేను 1/8 తీసుకున్న. నీళ్లను మనం చిన్నగ చేయలేం, సన్న గొట్టంల బొట్టు అడ్డం నిలబడ్తది.

కట్టె సంగతి. అసలు నాగలి నల్లతుమ్మదే అయినా చిన్న దానికి తుమ్మ, టేకు వద్దు. వాటి గీతలు పెద్దగ ఉంటయి, చిన్న వస్తువు మీద దూలం గీతల్లెక్క కనపడ్తయి. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర సన్నటి పోగు, దాన్ని లేత కషాయంల ముంచి రంగెక్కియ్. కొండపల్లోళ్లు వాడే తెల్ల పొనికి తేలిక, కోసుడు సులువు, కానీ సన్న పుల్లలు విరుగుతయి. అతుకులకు వాళ్లు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేస్తరు, అది నేనూ వాడ్త.

గీర మీద గాజు పెడ్తే నాకు అభ్యంతరం లేదు, కానీ అది ఒంటి గీర గాబట్టే. జత ఉంటే ఊరుకోకపోదును.

బొల్లారం పద్మం:

జీటర్ గారూ, పాత చెక్క సామాను బాగుచేయించే పని మాది. పురుగు గురించి నేను చెబుతాను. ముందు చెక్క కింద నల్ల కాగితం పరిచి వారం వదిలేయండి. పిండి కొత్తగా రాలితే పురుగు బతికే ఉన్నట్టు, రాలకపోతే అవి పాత చిల్లులు. బతికి ఉంటే బోరిక్ యాసిడ్, బొరాక్స్ వేడినీళ్లలో కరిగించి బ్రష్షుతో రెండు మూడు సార్లు పట్టించాలి, చిల్లుల్లోకి సిరంజితో ఎక్కించాలి. నీడలో ఆరాకే ఇంట్లోకి తేండి. ముందే తెచ్చి సోఫా పక్కన పెడితే సోఫాకీ పడుతుంది.

తర్వాత లిన్సీడ్ ఆయిల్ పల్చగా పూయొచ్చు. ఒక్క జాగ్రత్త, చాలామందికి తెలియదు. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఫ్లాట్‌లో ఉంటున్నారు కాబట్టి మరీ చెబుతున్నాను. గుడ్డని విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బక్కెట్లో వేయండి.

కర్రు తుప్పుకి గ్రైండరు పట్టకండి. వైరు బ్రష్షుతో ఊడేది ఊడగొట్టి కరక్కాయ కషాయం చిక్కగా కాచి పూయండి. అందులోని వగరుకి తుప్పు నల్లగా మారి గట్టిపడుతుంది. ఇత్తడి మానికని చింతపండేసి తోమకండి, దాని మీద ముద్ర ఉంటే అరిగిపోతుంది. గీర ఆకులు వదులైతే మేకులు దిగ్గొట్టకండి. ఎండకి చెక్క కుంచించుకుని చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులవుతుంది, వానాకాలం మళ్లీ బిగుస్తుంది.

రాణిగంజ్ నట్టు:

అన్నా, ఇనుప నాగళ్లు, కాంటా రాళ్లు కూడా జమచేద్దామనుకుంటే గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ తిరుగు. ఏది పట్టుకున్నా "నిజాం కాలంది సాబ్" అంటరు, మొహం మీద నవ్వు రానియ్యకు. రాయి మీద కిలో, గ్రాము అని పోత ఉంటే అది 1958కి ముందుది కాదు, మెట్రిక్ తూకాలు మనకు అప్పటినుంచే మొదలైనయి. ఇనుప నాగలికి నట్లు చూడు. చదరపు నట్టు, అంగుళాల మర ఉంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ. మిల్లీమీటర్ల బోల్టు దిగితే తర్వాత మార్చిందో, అసలు తర్వాతదో. కిర్లోస్కర్ ఇనుప నాగలి దొరికితే వదలకు. ఆ కంపెనీ మొదట్లో గడ్డి కోసే మిషన్లు, ఇనుప నాగళ్లు చేసే బతికింది, కిర్లోస్కర్‌వాడి 1910లో పెట్టిన్రు.

ఇగ ట్రాక్టర్ మోడళ్లు. 1/16 అమెరికా వాళ్ల అలవాటు. ఎర్టల్ కంపెనీ 1945లో అయోవాలో మొదలై ఆ సైజునే పాతుకునేటట్టు చేసింది. 1/32 యూరప్‌ది, బ్రిటెన్స్, సీకూ అదే చేస్తయి. రెండూ ఒకే షెల్ఫులో కలపకు, కంటికి కుదరదు. మేడిపట్టు సార్ చెప్పినట్టు 1/16లో నాగలి చేస్తే దాని పక్కన 1/16 ట్రాక్టరే పెట్టాలె. జీటర్ కోసం మార్కెట్ల వెతుకుడు ఆపు. హెచ్ఎంటీ 1971లో పింజోర్‌లో మొదలుపెట్టింది, ట్రాక్టర్లు బంద్ చేసి కూడా ఏండ్లయింది. మీ నాన్న బండి ఫొటోలు, కొలతలు ఉంటే బానెట్టు, మడ్‌గార్డు త్రీడీ ప్రింట్ చేయించి, టైర్లు పాత బొమ్మవి ఎక్కియ్.

జీటర్ కొడుకు:

అందరికీ శనార్తులు. ప్రింటు తీసి దాచుకుంటున్న. ఇంకో తలకాయ నొప్పి. మా బావ డాలస్‌లో ఉంటడు. ఇత్తడి మానిక, కుంచం తనకు పార్సిల్ చేయమని వెంటపడుతున్నడు. మా ఇంట్ల వాటిని నూటయాభై ఏండ్లవి అంటరు. పంపొచ్చా?

రాణిగంజ్ నట్టు:

ఆ నూటయాభై మాట పార్సిల్ మీద రాస్తే అక్కడ్నే ఆగుతది. 1972 చట్టం ప్రకారం వందేండ్లు దాటిన చేతిపని వస్తువు పురావస్తువు కిందికి వస్తది, దాన్ని మామూలు మనిషి దేశం దాటించొద్దు. వందేండ్లలోపుదైతే పురావస్తువు కాదని పురావస్తు శాఖతో సర్టిఫికెట్ తీసుకొని పంపొచ్చు. బావకు 1/16 మానిక చేసి పంపు, చట్టం అడ్డం రాదు.

మేడిపట్టు:

బావకిచ్చేది తర్వాత, ముందు అవి ఒక్క ఇంటి కొలతలేనా చూడు. బియ్యం పోసి కొలువు. నాలుగు సోలలు మానిక నిండాలె, నాలుగు మానికలు కుంచం నిండాలె. నిండకపోతే వేరే వేరే చోట్ల నుంచి వచ్చినయి అన్నట్టు, జత విడగొట్టినా బాధ లేదు.

ఇంకోటి. జడ్డిగం అడుగున చిల్లులెన్ని? అవి పక్కలకు ఏటవాలుగ ఉన్నయా, నిట్టనిలువుగ ఉన్నయా?

జీటర్ కొడుకు:

బాబాయి కొడుకు వీడియో కాల్ చేసి చూపించిండు సార్. చిల్లులు నాలుగు. నడుమ రెండు కొంచెం, కొసలవి బాగా ఏటవాలుగ ఉన్నయి. గొర్రుకు పండ్లు మూడే. ఒక చిల్లు మూసి వాడుకున్నరేమో?

మేడిపట్టు:

మూస్తే అందుల బెండు ముక్కో గుడ్డనో ఇరికించిన గుర్తుంటది, చిల్లు అంచు అరగకుండ కొత్తగ ఉంటది. నాలుగింటి అంచులూ ఒక్కతీరుగ అరిగినయా లేదా చూడు. అరిగినయంటే అది ఈ గొర్రు జడ్డిగం కాదు. మీ ఇంట్ల నాలుగు పండ్ల గొర్రు ఇంకోటి ఉండె. పండ్లు ఊడిపోతే మిగిలేది వరుసగ నాలుగు చదరపు తొర్రలున్న మొద్దు. గట్టి తుమ్మ గదా, ఊర్లల్ల దాన్ని పారెయ్యరు. గడప మీదనో, కొట్టం వాకిటి పైననో ఎక్కిస్తరు.

జీటర్ కొడుకు:

నాలుగూ ఒక్కతీరుగనే అరిగినయి సార్. కొట్టం వాకిటి పైన దుంగకు తొర్రలున్నయట! సున్నం కొట్టి ఉన్నయి, మూడు కనపడుతున్నయి, ఇంకోటి గోడలో ఉండొచ్చంటున్నడు. జేసీబీ వచ్చే వారమే.

మేడిపట్టు:

జేసీబీకి చెప్పి లాభం లేదు, అది గోడతోటి కలిపి నూకుతది. నువ్వే పో. పైన పెంకులు, వాసాలు దింపించినంకనే దుంగను కదపాలె. రెండు దిక్కులా గోడ గడ్డపారతో తవ్వి తియ్, రంపం పెట్టనియ్యకు. దుంగ తియ్యకముందే తొర్ర నడుమ నుంచి తొర్ర నడుమకు ఎంత దూరమో కొలిచి ఇక్కడ పెట్టు, ఏ పంటకు పట్టించిన సాలో (వరుసల ఎడమో) చూద్దాం. సున్నం గీకకు.