దర్శనం తర్వాత ఒక్క పూటే ఉంది: కొండ మీది మ్యూజియమా, చంద్రగిరా?

అందరికీ నమస్కారం. వచ్చే గురువారం నాన్నతో తిరుమల వస్తున్నాను. పొద్దున్నే దర్శనం అయిపోతే సాయంత్రం రైలు దాకా ఒక్క పూట మిగులుతుంది. నాన్న రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. మంచి శిల్పం కనబడితే అక్కణ్నుంచి కదలరు, కాబట్టి రెండు చోట్లకూ వెళ్లడం జరిగే పని కాదు.

కొండ మీది ఎస్వీ మ్యూజియం అయితే దగ్గర. అన్నమయ్య కీర్తనల రాగిరేకులు చూడాలని నాకు ఎప్పటినుంచో ఆశ. ఆయన మనసేమో చంద్రగిరి రాజమహల్ మీద, అందులోని రాతి, కంచు విగ్రహాల మీద. ఒక రోజు ఆగుదామన్నా మర్నాడు శుక్రవారం, అక్కడ సెలవు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాజమహల్ మెట్లు ఎక్కగలరా? కొండ దిగి చంద్రగిరి చూసుకుని తిరుపతి స్టేషన్‌కు రావాలంటే ఆటో మేలా, బస్సా? ఈ మధ్య రెండూ చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి.