మార్చి చివర్లో స్కీయింగ్‌కి తొమ్మిది మందిమి: ఫ్రాన్స్‌లోని వాల్ తొరాన్సా, ఆస్ట్రియాలోని ఓబర్‌గుర్గ్‌లా?

ముగ్గురికి స్కీయింగ్ బాగా వచ్చు, నలుగురికి ఇదే మొదటిసారి, ఇద్దరు అసలు స్కీలే తొడగరు.

వాల్ తొరాన్స్ ఊరే 2,300 మీటర్ల ఎత్తులో ఉంది, మార్చిలోనూ మంచుకు ఢోకా లేదు. పక్క లోయలతో కలిపి 600 కిలోమీటర్ల పిస్టులు (స్కీ చేసే దారులు). కానీ చుట్టూ చెట్లు లేవు. మబ్బు కమ్మితే గుంటేదో గట్టేదో కనపడదు, గాలి లేస్తే పై లిఫ్టులు ఆపేస్తారు. అలాంటి రోజు కొత్తవాళ్ళని ఎక్కడ ఉంచాలి? పైగా శనివారం జెనీవా నుంచి వెళ్తే దారిలో మూతియే ఊరి దగ్గర ట్రాఫిక్ నరకం.

ఓబర్‌గుర్గ్‌ల్ (1,930 మీటర్లు) ఇన్స్‌బ్రుక్‌కు దగ్గరే, కానీ పిస్టులు వంద చిల్లర కిలోమీటర్లు. స్కీయింగ్ బాగా వచ్చినవాళ్ళకి ఆరు రోజులు సరిపోతాయా? ఆస్ట్రియాలో ఫ్రాన్స్‌లా ఆకుపచ్చ (అన్నిటికన్నా తేలిక) పిస్టులుండవు, మొదలే నీలం. నాలుగో రోజుకి కొత్తవాళ్ళు అక్కడి నీలం దిగగలరా? స్కీ చెయ్యని ఇద్దరికి నడకదారులు ఎక్కడ మేలు?