వేయిపడగలు సగంలో ఆపేస్తే తప్పా?

తిరుచానూరు_రోడ్డు:
అన్నలూ, అక్కలూ, ఒక న్యాయం చెప్పండి. ఉగాదికి మొదలుపెట్టిన విశ్వనాథ సత్యనారాయణగారి నవల వేయిపడగలు వినాయక చవితి దాటినా సగానికి రాలేదు. కథానాయకుడు ధర్మారావు మీద నాకేం కోపం లేదు. కానీ కథ రెండడుగులు నడిస్తే చర్చ పదడుగులు. నిద్ర ముంచుకొస్తుంది. ఇది మిగిలిపోయిందన్న టెన్షన్‌తో వేరే పుస్తకమూ ముట్టడం లేదు. విశ్వనాథవారు దీన్ని 29 రోజుల్లో ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారంటారు. ఆయన చెప్పినదానికి ఐదు రెట్ల కాలం నాకు సగం చదవడానికే చాల్లేదు! ఆపేద్దునా?

చిత్తూరు_బెల్లం:
ఆపొద్దు. అలిపిరి మెట్లెక్కేటప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర అందరికీ ఏడుపొస్తుంది. అక్కడి నుంచి దిగిపోతామా? ఆ పాములాంటి పిల్లోడు పసిరికను, దేవదాసి గిరికను పూర్తిగా చూడకుండా ఆ నవల చదివానని ఎట్లా అంటావు?

మదనపల్లె_టమాటా:
బెల్లం అన్నా, మెట్లెక్కితే పైన స్వామి ఉంటాడని ముందే తెలుసు. పైగా ఇంగ్లీషు చదువులు మనల్ని ఎట్లా చెడగొట్టాయో దారిలో నిలబెట్టి ఎవరూ పాఠం చెప్పరు. నేను 200 పేజీల దగ్గర వదిలేశాను. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవలలోనూ ఉపన్యాసాలున్నాయి, అయినా పూర్తి చేశాను. అందులోని దళిత యువకుడు సంగదాసు గొడవ నాది. ఇది నాది కాదు.

చిత్తూరు_బెల్లం:
అంటే మనకు నచ్చిన మాట చెప్పే పుస్తకాలే చదవాలా? ధర్మారావు వాదం సగం నాకూ గిట్టదు. పోట్లాడుకుంటూనే చదివాను. మార్జిన్‌లో పెన్సిల్‌తో తిట్లు కూడా రాశాను. (సొంత కాపీయే, లైబ్రరీది కాదు.)

గోవిందరాజుల_వీధి:
నోటితో చెప్పిన పుస్తకం కదా, కళ్లతో పరుగెత్తిస్తే ఎట్లా? మా అమ్మకు చూపు తగ్గాక రోజూ సాయంత్రం కాసేపు పైకి చదివి వినిపించేవాణ్ణి. మనసులో చదువుకున్నప్పుడు కొరుకుడు పడని వాక్యాలు గొంతెత్తి చదివితే ఊపిరికి సరిగ్గా సరిపోయాయి. చర్చ మరీ సాగితే అమ్మే, "ఇది దాటించు నాయనా, ఆ పాము పిల్లోడి దగ్గరికి పో" అనేది. దాటించాను. కొంపలేం మునగలేదు.

తిరుచానూరు_రోడ్డు:
పైకి చదివితే మా ఇంట్లో పారాయణం అనుకొని కొబ్బరికాయ తెస్తారు. సరే, ఈ రాత్రి మిద్దె మీద చదివి చూస్తా. బెల్లం అన్నా, దాటించడానికి ఒప్పుకుంటావా?

చిత్తూరు_బెల్లం:
ఒప్పుకోను. దాటించిన చోట మాత్రం పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.