వినైల్ టైల్ గోడకు ఆనించి కోయల్లా, సందు వదలల్లా?

బురుజు పక్కిల్లు (కర్నూలు):
పెద్దలూ, మా ఇంట్లో తగువు తీర్చండి. పాత ఊర్లో మా మిద్దె మీది గది. కింద బేతంచెర్ల బండలు, మా నాయన పెండ్లినాటివి. అక్కడక్కడ పెచ్చులు లేచిపోయినాయి. తవ్వి మళ్లీ వేయించల్లంటే దుమ్ము, మోత, డబ్బు. అందుకని వెనక జిగురుండే వినైల్ టైళ్లు తెచ్చినా. 12 అంగుళాల చదరం, 2 మిల్లీమీటర్ల మందం. గుంటలు సిమెంటుతో పూడ్చి, బాగా ఆరనిచ్చి మొదలుపెట్టినా.

గది వెడల్పు 10 అడుగుల 7 అంగుళాలు. నడిమధ్యన సుద్దదారం కొట్టి అటు ఐదు, ఇటు ఐదు అంటించినా. రెండు గోడల దగ్గరా మూడున్నర అంగుళాల పట్టీ మిగిలింది. అది కూడా తూర్పు గోడకు ఒక చివరన మూడున్నర, ఇంకో చివరన మూడే. గోడ అంత వంకర అని ఇన్నేండ్లూ మాకు తెలీదు. టేపుతో కొలిచి నాలుగు ముక్కలు కోసినా. రెండు పొట్టివైనాయి. ఒకటి బిర్రుగా కూర్చుని నడిమిన లేస్తాంది. ఒక్కటి మాత్రం దేవుని దయ.

మా బావ గోడకు పావు అంగుళం సందు వదలల్ల అంటాడు. టైళ్లు అమ్మిన కొట్లో పిల్లోడు బిర్రుగా కోసి దూర్చేయన్నా అన్నాడు. స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ) కూడా బండే, గోడకు సిమెంటుతో పెట్టింది. దాన్ని ఊడదీసి సందు కప్పే దారి లేదు. ఎవరి మాట వినల్ల?

తాడిపత్రి బండ:
ముందు ఒకటి చెప్పప్పా. బేతంచెర్ల బండ మీద ప్లాస్టిక్కా? పట్టుచీర మీద రెయిన్‌కోటు తొడిగినట్టుంది. సరే, నీ ఇల్లు, నీ ఇష్టం.

నేను ముప్పై ఏండ్లుగా బండలు పరుస్తాండా. గోడకు సందు వదిలిన రోజు లేదు. సందంటే చీమకు దోవ, వానాకాలంలో జెర్రికి కూడా. ఆనించి కొయ్. టేపు, చాకు అని ఆడుకోవద్దు. చేతి కటింగ్ మెషిన్‌తో ఒక్క గీత గీస్తే గది మొత్తం గంటలో అయిపోతాది.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు):
మేస్త్రీ గారూ, రాయి లెక్క వేరు, పీవీసీ (ఈ వినైల్ టైళ్ల ప్లాస్టిక్ అదే) లెక్క వేరు. గట్టి పీవీసీ ఒక మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి సుమారు 0.06 మిల్లీమీటర్లు సాగుతుంది. రాయి సాగేది అందులో చాలా కొద్ది వంతు. మన దగ్గర చలికాలం తెల్లవారుజామున 18 డిగ్రీలు, మేలో మధ్యాహ్నం 43. అంటే 25 డిగ్రీల తేడా. నాలుగు మీటర్ల గదికి లెక్కేసుకోండి, 6 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ ఆరూ ఎక్కడికి పోవాలి?

ఇది పుస్తకం చదివి చెప్పడం లేదు. కడపలో మా చిన్నాన్న గారి పడమటి గదిలో ఒకదానికొకటి తగిలించుకునే వినైల్ పలకలు వేయించారు. పరిచినవాళ్లు నాలుగు వైపులా గోడకు ఆనించి కోశారు. సంక్రాంతికి అద్దంలా ఉంది. మే నెల రెండో వారానికి గది నడుమ అప్పడంలా పొంగి, కాలు పెడితే టప్పుమనేది. చివరి వరుస విప్పి, అంచు ఎనిమిది మిల్లీమీటర్లు తీసేశాక పడుకుంది. కాబట్టి బావగారి మాటే వినండి. పావు అంగుళం వదిలి, పైన సందు కప్పే సన్నటి పట్టీ, అదే బీడింగ్, కొట్టించండి.

తాడిపత్రి బండ:
బండ స్కర్టింగ్‌కు బీడింగ్ దేంతో కొడతాడు సార్? మేకు దిగుతాదా?

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు):
జిగురుతో అంటించే ప్లాస్టిక్ బీడింగులు ఉన్నాయి. లేదంటే సిలికాన్ నింపుకోవచ్చు.

గడియారస్తంభం (అనంతపురం):
ఇద్దరూ చెరొక వస్తువు గురించి కొట్లాడుకుంటున్నారు. చిన్నాన్న గారిది తేలే నేల. కింద జిగురు లేదు, పలకలన్నీ కలిసి ఒకే చాపలా కదులుతాయి, అందుకే దానికి చుట్టూ సందు కావాలి. తమ్ముడిది అంటుకునే టైల్. ఒక్కో టైల్‌ను దాని కిందున్న జిగురే పట్టుకుని ఉంటుంది. రెండింటినీ వినైల్ అనే పేరుతోనే అమ్ముతారు, తంటా అక్కడే.

నేను మా ఇంట్లో రెండు గదులు నా చేతులతోనే వేసుకున్నాను. అంటుకునే టైల్‌కు పావు అంగుళం సందు వదిలితే ఏమవుతుందో చెప్తా. మనం నేల తుడిచేది పొడిగుడ్డతో కాదు కదా, శుక్రవారం వస్తే బకెట్ నీళ్లే. ఆ నీళ్లు నేరుగా సందులోకి దిగి జిగురును కింద నుంచి తింటాయి. సిలికాన్ కూడా పెట్టి చూశాను. తుడుపు మురికి పట్టి రెండేళ్లలో నల్లబడింది.

అలాగని బిర్రుగా దూర్చేదీ తప్పే. పోస్టుకార్డు మందం చాలు.

తమ్ముడూ, నీ అసలు బాధ సందు కాదు, టేపు. వంకర గోడను టేపు పట్టుకోలేదు. ఇట్లా చెయ్యి. కోయాల్సిన టైల్‌ను, వెనక కాగితం తీయకుండా, గోడ పక్కన ఆఖరున అంటించిన నిండు టైల్ మీద అంచుకు అంచు సరిగ్గా పెట్టు. దాని మీద ఇంకొక టైల్ పెట్టి గోడకు ఆనేదాకా జరుపు. గోడ ఎంత వంకరుంటే పైటైల్ కూడా అంతే వంకర తిరుగుతుంది. దాని వెనక అంచు వెంబడి కింది టైల్ మీద పెన్సిల్ గీత గియ్యి. పైటైల్ కప్పకుండా బయటికి కనిపించేదే నీకు కావలసిన ముక్క. కోసిన అంచు గోడవైపు, ఫ్యాక్టరీ అంచు పక్క టైల్ వైపు వస్తుంది. పోస్టుకార్డు సందు కావాలంటే గోడకూ పైటైల్‌కూ నడుమ కార్డు పెట్టి గియ్యి. టేపు అవసరమే లేదు. ఏ ముక్క ఎక్కడిదో వెనక నంబరు రాసుకో. వంకర గోడకు ఒక ముక్క ఇంకో చోట పట్టదు.

కోసేటప్పుడు ఇనుప స్కేలు పెట్టి, పైముఖం మీద కొత్త బ్లేడుతో రెండు మూడు సార్లు గీయి. మొదటి గీత మెల్లగా పోవాలి, బలమంతా అక్కడే పెడితే బ్లేడు జారి వేలు తెగుతుంది (నా ఎడమ బొటనవేలు సాక్షి). ఆ తర్వాత గీత మీద మడిస్తే టక్కున విరుగుతుంది. వెనక కాగితం పట్టుకుంటే దాన్ని కూడా కోసేయి.

తాడిపత్రి బండ:
ఇంత పురాణమెందుకమ్మా? మెషిన్ పెడితే పోదా?

గడియారస్తంభం (అనంతపురం):
అన్నా, మీరు రాయి కోసే మెషిన్ ఈ టైల్‌కు పెట్టి చూశారా? మా పక్కింట్లో పెట్టారు. అంచు కరిగి, చుట్ట చుట్టుకుని, నల్లటి గట్టు కట్టింది. దాన్ని గీకితే పైన బొమ్మ కూడా ఊడింది. గదంతా కమురు వాసన, కళ్ల మంట. పీవీసీ బాగా వేడెక్కితే వచ్చేది ఆమ్లపు పొగ, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

తాడిపత్రి బండ:
పెట్టలేదు. ఒప్పుకుంటా. కానీ సందు మాట మాత్రం ఒప్పుకోను.

పెన్న ఒడ్డు (ప్రొద్దుటూరు):
గడియారస్తంభం గారు చెప్పిన తేడా నిజమే, నేను తొందరపడ్డాను. ఆమె పోస్టుకార్డును లెక్కలో పెట్టి చూశాను. 12 అంగుళాలంటే 0.3 మీటరు. 25 డిగ్రీలకు ఒక్కో టైల్ సాగేది దాదాపు అర మిల్లీమీటరు. పోస్టుకార్డు అంతకన్నా పలచన. కాబట్టి ఎండ తగిలే వైపు రెండు కార్డులు పెట్టుకోమంటాను.

అయితే ఒక సంగతి. బురుజు గారూ, మీకు మూడున్నర అంగుళాల పట్టీ పడిందంటే పొరపాటు మొదటి గీతలోనే జరిగింది. నడి గీత మీద టైల్ అంచు కాకుండా టైల్ మధ్యను పెట్టి ఉంటే రెండు గోడల దగ్గరా తొమ్మిదిన్నర అంగుళాల ముక్కలు పడేవి. మూడు అంగుళాల పట్టీకి కింద జిగురు తక్కువ, ముందు లేచేది అదే. పైగా గోడ వంకర సన్నటి పట్టీలోనే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

బురుజు పక్కిల్లు (కర్నూలు):
అన్నా, ఈ మాట నిన్న చెప్పింటే బాగుండు. 80 టైళ్లు అంటించేసినా.

మంచాల కోడె (కర్నూలు):
మాది కూడా అంటుకునే రకమే. గోడకు ఆనించే కోసినాము. కిటికీ కింద రెండు వరుసలు అంచులు లేచినాయి. అక్క చెప్పినట్టు బిగుతు వల్లేనా?

తాడిపత్రి బండ:
కింద ఏం బండ? నల్లదా?

మంచాల కోడె (కర్నూలు):
అవును, కడప బండ. మా అవ్వ పండక్కి పండక్కి కొబ్బరినూనె రుద్ది మెరిపిచ్చేది.

తాడిపత్రి బండ:
అదీ సంగతి. నూనె తాగిన బండకు జిగురు పడతాదా? సందు వదిలినా లేచేది, వదలకున్నా లేచేది. ఊరికే కోతను తిట్టొద్దు. సోడా వేసి వేడి నీళ్లతో బాగా రుద్ది, ఎండబెట్టి, అప్పుడు అంటించుకోవల్ల.

గడియారస్తంభం (అనంతపురం):
నూనె కారణం కావచ్చు. కానీ లేచింది కిటికీ కిందే అంటున్నారు, అవ్వ గది అంతా రుద్ది ఉంటుంది కదా? ఎండ లెక్క కూడా ఉంది.

తాడిపత్రి బండ:
కిటికీ కిందే కూచుని రుద్దేదేమో. వెలుతురుంటాది.

బురుజు పక్కిల్లు (కర్నూలు):
అందరికీ చెప్తాండా, తూర్పు గోడ అయిపోయింది. అక్క చెప్పిన పద్ధతిలో పదకొండు ముక్కలు, ఒక్కటి కూడా పాడు కాలేదు. మా బావ వచ్చి చూసి, గోరు దూర్చి చూసి, ఏమీ అనకుండా టీ తాగి పోయినాడు. చెడిపోయిన మూడు ముక్కలను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఊడదీసినా, సులభంగా వచ్చినాయి.

ఇప్పుడు గడప దగ్గర ఆగినా. ద్వారబంధం కాళ్లకు మెట్టు మెట్టుగా చెక్కుడు ఉంది. ఇంటర్నెట్‌లో చూస్తే బయటి దేశాల్లో చెక్కనే కింద రంపంతో కోసి టైల్‌ను లోపలికి జరుపుతున్నారు. అమ్మతో అంటే, పసుపు పూసిన గడప పక్కన రంపం పెడితే నువ్వు ఈ ఇంట్లో అన్నం తినవు అనింది.

గడియారస్తంభం (అనంతపురం):
అమ్మ మాట విను. పాత క్యాలెండర్ అట్టను ఆ చెక్కుడుకు ఆనించి, కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ ఆకారం తీయి. అట్ట సరిగ్గా కూర్చున్నాక దాన్ని టైల్ మీద పెట్టి గీసుకో. టైల్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్క నిమిషం వెచ్చబెడితే మెత్తబడి వంపులు కూడా తెగుతాయి. లోపలి మూలల దగ్గర ముందు చిన్న రంధ్రం పెట్టుకుంటే చీలిక పాకదు.

బురుజు పక్కిల్లు (కర్నూలు):
సరే అక్కా, రేపు ఆదివారం ఆ పని. పడమటి గోడకు మాత్రం రెండు కార్డుల సందు పెడతా, అక్కడ కిటికీ ఉంది.

తాడిపత్రి బండ:
మే నెలలో కర్నూలుకు నాకు పనుంది. నేనే వచ్చి ఆ పడమటి గోడ చూస్తా. లేచింటే నేను గెలిచినట్టు. లేయకుంటే మీ అక్క గెలిచినట్టు. ఎట్లైనా అన్నం మాత్రం పెట్టు.