సంగీత పత్రిక డిజైన్: సర్వే జవాబులు పేజీలోకి ఎలా వస్తాయి?

కొత్త_సంచిక:
ఏ4 సైజు సంగీత పత్రిక, కవర్‌తో కలిపి 32 పేజీలు, మధ్య పిన్ను బైండింగ్. ముందుగా కవర్, విషయసూచిక, ఒక ఇంటర్వ్యూ స్ప్రెడ్ (ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు) తయారు చెయ్యాలి. ఆన్‌లైన్ ఫారం లింకు గ్రూపుల్లో పంపితే 64 మంది జవాబిచ్చారు.

ఇష్టమైన సంగీతం: రాక్ 24, హిప్‌హాప్ 21, శాస్త్రీయం 11, ఇతరం 8.
ఇష్టమైన రంగు: ఎరుపు 22, నలుపు 19, నీలం 15, ఇతరం 8.
ఫోటోలు ఎక్కువ కావాలా? అవును 51.
ఇంటర్వ్యూలు వివరంగా కావాలా? అవును 47.

ఎరుపు, నలుపు కవర్ ఖాయం చేసుకోవచ్చా? రాక్‌కే పెద్దపీట వెయ్యాలా? ఫోటోలూ కావాలి, పెద్ద ఇంటర్వ్యూలూ కావాలి అంటే ఉన్న రెండు పేజీల్లో ఎలా సర్దాలి?

అంకెల_పురుగు:
24కీ 21కీ మధ్య తేడా ఉందనుకోకండి. చీటీలు తీసినట్టు ఎంపిక చేసిన 64 మందిలోనైనా అటూ ఇటూ 12 శాతం దాకా పొరపాటుకి చోటుంటుంది. మీరు లింకు పంచింది తెలిసిన గ్రూపుల్లో, కాబట్టి ఆ మాత్రం భరోసా కూడా లేదు. రాక్, హిప్‌హాప్ సమానమని పెట్టుకుని పని మొదలుపెట్టండి.

ఫోటోలా ఇంటర్వ్యూలా అన్న చిక్కు సంగతి. 51, 47 కలిపి 64 తీసెయ్యండి: 34. అంటే కనీసం 34 మంది రెండిటికీ అవుననే అన్నారు. ఇక్కడ రెండు వర్గాలు లేవు, ఒకే పాఠకుడు రెండూ అడుగుతున్నాడు. అసలు లోపం ప్రశ్నలో ఉంది. ఊరికే వచ్చేదాన్ని వద్దనేవాళ్లెవరు? దేన్ని వదులుకుంటారో తేలేలా అడగాలి: "సగం పేజీ ఫోటో తీసేస్తే ఇంకో నాలుగు ప్రశ్నలు పడతాయి. ఏది ఉంచమంటారు?"

ఇష్టమైన రంగు అడగడం కూడా పెద్దగా పనికిరాదు. చొక్కాకి నచ్చిన రంగు కవర్‌కి నచ్చాలని లేదు. దాని బదులు అలవాట్లు అడగండి: పత్రిక చేతికొస్తే ముందు ఏ పేజీ తిప్పుతారు, చివరిసారి దేనికోసం కొన్నారు, సగంలో వదిలేసిన వ్యాసం ఎందుకు వదిలేశారు. ఈ చివరిదానికి ఖాళీ పెట్టె ఇచ్చి, వచ్చిన జవాబులకి ఏ కారణం చెప్పారో ఇద్దరు విడివిడిగా గుర్తులు వేసి పోల్చుకోండి. ఒక్కరే వేస్తే తమకి కావలసిందే కనిపిస్తుంది.

పేజీల_మేస్త్రి:
లెక్క పైన తేలింది కాబట్టి నేను పేజీ సంగతి చెప్తాను.

ఇంటర్వ్యూకి ఎడమ పేజీ నిండా ఒకే ఫోటో, కుడి పేజీలో మూడు కాలమ్‌లు. లోపలి మార్జిన్ 18, బయటిది 15, కాలమ్‌ల మధ్య 5 మిల్లీమీటర్లు తీస్తే ఒక్కో కాలమ్ సుమారు 56 వస్తుంది. తెలుగు అక్షరాలైతే 10.5 పాయింట్, లైన్ ఎడం 15 పెట్టండి. ఇంగ్లిష్ లెక్కన 12 పెడితే వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుతాయి. ఈ వెడల్పులో రెండు అంచులూ సమం చెయ్యకండి, మన పొడుగు మాటల వల్ల లైన్ల నిండా తెల్లటి గండ్లు పడతాయి. శీర్షిక, పుల్ కోట్ (ఇంటర్వ్యూలోంచి తీసి పెద్ద అక్షరాల్లో వేసే మాట) పోను పేజీకి సుమారు 400 మాటలు పడతాయి. అంతకు మించితే తర్వాతి పేజీకి పొడిగించండి, అక్షరం మాత్రం తగ్గించొద్దు.

పేజీ నిండా వేసే ఫోటోకి మూడు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయేలా అంచు దాటించి వేసే భాగం) కావాలి, లోపలి వైపు అక్కర్లేదు. ఎందుకైనా మంచిదని నాలుగు వైపులా లెక్కేసుకుంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 2551 × 3579 పిక్సెళ్లు. కచేరీ వీడియో నుంచి తీసిన స్క్రీన్‌షాట్ దీనికి చాలదు. రెండు పేజీల మీదుగా ఒకే ఫోటో వెయ్యాలంటే 16–17 పేజీలే మంచివి, అక్కడ రెండూ ఒకే కాగితం. మిగతా చోట్ల అతుకు దగ్గర కొంచెం జరుగుతుంది. ముఖాన్ని మాత్రం ఎక్కడా మడత మీదికి రానివ్వకండి.

ఇక ఎరుపు, నలుపు. వేదిక ఫోటోలు అసలే చీకటి, దాని మీద పత్రిక పేరు ఎర్రగా వేస్తే కంప్యూటర్‌లో మెరుస్తుంది, అచ్చులో మునిగిపోతుంది. ఫైల్‌ని ఒకసారి బూడిదరంగులోకి మార్చి చూడండి, పేరు చదవలేకపోతే రంగు మార్చాల్సిందే. అచ్చులో ఎరుపు అంటే మెజెంటా, పసుపు కలిసినది. రెండు సిరాలు వెంట్రుకవాసి తప్పినా సన్నని అక్షరాల అంచులు మసకేస్తాయి. ఎరుపు పెద్ద అక్షరాలకే ఉంచి, చదివే పాఠం వంద శాతం నలుపు సిరా ఒక్కదానితోనే వెయ్యండి.

కవర్ మీద ఒకటే ముఖం, మిగతా సంగీతాలకి మూడు నాలుగు కవర్ లైన్లు (లోపల ఏముందో కవర్ మీద చెప్పే చిన్న వాక్యాలు). శాస్త్రీయం అన్న 11 మందికి కవర్ అక్కర్లేదు, ప్రతి సంచికలో ఒకే చోట ఉండే శీర్షిక ఇస్తే చాలు.

కొత్త_సంచిక:
జవాబుల షీట్‌లో వడకట్టి చూశాను. రెండిటికీ అవునన్నవాళ్లు 38 మంది. సరే, ఎర్ర పేరు ఒకటి, పసుపు పేరు ఒకటి, రెండు కవర్లు చేస్తాను. ఏది నెగ్గిందో ఎలా తేల్చాలి?

డమ్మీ_చూపించు:
"ఏది బాగుంది" అని అడగొద్దు. అలా అడిగితే ప్రతివాళ్లూ డిజైనర్లైపోతారు. కవర్‌ని అసలు సైజులో అచ్చు తీసి ఐదు సెకన్లు చూపించి తిప్పెయ్యండి. తర్వాత మూడే అడగండి: పత్రిక పేరేమిటి, ఇది దేని గురించి, లోపల ఏముందని గుర్తుంది. ఒక మనిషికి ఒక కవరే. రెండో కవర్ చూపేసరికి పేరు తెలిసిపోయి ఉంటుంది. రెండు కవర్లకీ తేడా పేరు రంగు ఒక్కటే ఉండాలి, ఫోటో కూడా మార్చారంటే దేనివల్ల గుర్తుందో చెప్పలేరు.

కవర్‌కి ఎనిమిదేసి మంది చాలు, సర్వేలో పాల్గొననివాళ్లైతే మేలు. ఈ సంఖ్యతో శాతాలు కట్టకండి, ఒకే తడబాటు ముగ్గురిలో కనిపిస్తే దాన్ని సరిచెయ్యండి.

మేస్త్రిగారితో ఒక్క చోట విభేదిస్తాను. శాస్త్రీయానికి శీర్షిక ఇస్తే సరిపోదు, విషయసూచికలో అది కనబడాలి. "ఫలానా సమీక్ష ఏ పేజీలో ఉంది" అని అడిగి వెతకనివ్వండి. పది సెకన్లు దాటిందంటే పేజీ సంఖ్య మాటకి దూరంగా ఉందేమో, శీర్షికలు సంగీతం పేరు చెప్పకుండా చమత్కారంగా ఉన్నాయేమో చూసుకోండి. ఎక్కువగా రెండోదే కారణం.

రెండోసారి సర్వే చేసేటప్పుడు పాత ఫారంలోనే ప్రశ్న మార్చకండి. పాత జవాబులూ కొత్తవీ ఒకే షీట్‌లో కలగలిసిపోయి దేనికి ఏమన్నారో విడదీయలేరు. కాపీ తీసి కొత్త లింకు పంపండి.